మూడో కట్ట

మా నాన్న నాకు తెలిసి ఒక్క అబద్ధమే ఆడాడు. అది నా కోసం ఆడాడు. ఇంకెన్ని ఆడాడో నేను ప్రమాణం చేసి చెప్పలేను గానీ, ఆ ఒక్కటీ మాత్రం నా ఎదురుగానే, కత్తెర చేత్తో పట్టుకుని ఆడాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ అబద్ధం మాత్రం తాడేపల్లిగూడెంలో ఒక ఇంట్లో నిక్షేపంలా బతికే ఉందని రెండువేల ఆరులో గానీ నాకు తెలియలేదు.

మాది ఏలూరు. వన్‌టౌన్‌లో, కాలవకి దగ్గరగా బైండింగు కొట్టు. మా చుట్టాల్లో సగంమంది తివాచీలు నేశారు, మేం పుస్తకాలు కుట్టాం. నాకప్పటికి యాభై ఆరేళ్ళు. కంప్యూటర్లు వచ్చాక రిజిస్టర్లు కట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులకి నల్ల అట్ట వేసి, బంగారు అక్షరాలు కొట్టిస్తూ కాలక్షేపం చేస్తున్నాను. పొద్దున్న ఇచ్చి మధ్యాహ్నానికి కావాలంటారు వాళ్ళు. జిగురు ఆరాలి నాయనా అంటే, ఫ్యాను కింద పెట్టండి అంకుల్ అంటారు. అలాంటి ఒక పేచీ మధ్యలో ఫోను మోగింది.

అవతల మాస్టారు. ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే నవలలు చదివే అలవాటున్న ప్రతివాళ్ళకీ తెలిసిన పేరే. నాకు మాత్రం ఆయన మండవల్లి అవతల, కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. భుజాన గుడ్డసంచితో మా కొట్టుకి వచ్చే బక్కపల్చటి మనిషి. తన మొట్టమొదటి నవల, ముప్పై ఎనిమిదేళ్ళుగా బీరువాలో ఉండిపోయింది, ఇప్పుడు అచ్చవుతోందని చెప్పారు. మా నాన్న కట్టిన రెండు సంపుటాలూ విప్పితే గానీ కంప్యూటర్లో కొట్టేవాళ్ళకి కుదరదట. కాగితం అప్పడంలా అయిపోయింది, ఎవరి చేతికిచ్చినా చింపేస్తారు, కట్టినచోటే విప్పించండి అని వాళ్ళావిడ అన్నారట.

రెండు సంపుటాలు అన్న మాట చెవిన పడగానే నాకు మూడోది గుర్తొచ్చింది. వస్తానండి అని ఫోను పెట్టేసి, ఆ పిల్లవాడి రిపోర్టుకి అట్ట తలకిందులుగా అతికించాను.

మర్నాడు మాస్టారుండే తాడేపల్లిగూడేనికి పాసింజరు ఎక్కాను. దెందులూరు, భీమడోలు, పూళ్ళ, ఒక్కో స్టేషనూ దాటుతుంటే గుబులు పెరిగిందే గానీ తగ్గలేదు. ఇన్నేళ్ళలో మాస్టారు మా కొట్టు గడప మళ్ళీ తొక్కలేదు. ముందు బదిలీ మీద వెళ్ళిపోయారు, తర్వాత పెద్దవారైపోయారు. పేపర్లో ఆయన ఫోటో కనబడితే గబుక్కున పేజీ తిప్పేసేవాణ్ణి. ఇప్పుడు సంగతి తెలిసే పిలిచారేమోనని అనుమానం. తెలిస్తే అంత మెత్తగా ఎందుకు మాట్లాడతారులే అని నాకు నేనే ధైర్యం. గూడెంలో దిగి, ఉల్లిపాయల లారీల పక్కనుంచి నడుస్తూ కూడా వెనక్కి వెళ్ళే బండి ఎన్నింటికో కనుక్కున్నాను. ఇదీ నా ధైర్యం.

మాస్టారు వాలుకుర్చీలో ఉన్నారు. కళ్ళద్దాలు సీసా అడుగులంత మందం. నన్ను చూసి, మీ నాన్న పోలికేనయ్యా అని సంబరపడ్డారు. రెండు సంపుటాలూ నా ఒళ్ళో పెట్టారు. ఆ కుట్టు, వెన్నుకి వేసిన ఆ కాలికో గుడ్డ, అంచు మడిచిన తీరు చూస్తే నాన్న పక్కన కూర్చున్నట్టే అనిపించింది. తర్వాత ఆయన, ముందుమాట రాశాను విను, అని చదవడం మొదలుపెట్టారు.

అప్పట్లో తెల్ల కాగితం కొనే స్తోమత లేక, పిల్లల పాత పరీక్ష కాగితాల వెనకవైపు ఆ నవల రాశారట. మొత్తం మూడు కట్టలు. ఇంట్లో ఆవిడ కూడా పాత పరీక్ష కాగితాలతోనే పొయ్యి అంటించేది. మూడో కట్ట అలా పొయ్యిలోకి పోయింది. 'నా నవల ముగింపును ఆ పూట నేనే అన్నంగా తిన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం' అని రాశారు. అక్కడ చదవడం ఆపి నా మొహంలోకి చూశారు. ఈ మాట ఆయన ప్రతి సభలోనూ చెబుతారట, చెప్పినప్పుడల్లా జనం నవ్వుతారట. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మగారు కూడా అలవాటుగా నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఒళ్ళో సంపుటాల అంచులు సర్దుతూ కూర్చున్నాను.

మాస్టారు లోపలికి వెళ్ళినప్పుడు ఆవిడ టీ తెచ్చి ఇచ్చి, గొంతు తగ్గించి అన్నారు.

"నాకు గుర్తులేదు బాబూ. పరీక్ష కాగితాలు పొయ్యిలో పెట్టేదాన్ని, అది నిజమేనండి. చదువు రానిదాన్ని, ఏది ఏదో ఏం తెలుస్తుంది? నా చేత్తోనే పోయిందంటారు. అయ్యుంటుంది."

ఆవిడ భుజం మీదుగా వంటింట్లోకి చూశాను. అటకమీద, గూట్లో, బియ్యం డబ్బా వెనక, ఎక్కడ చూసినా కాగితాల కట్టలు. పాత క్యాలెండర్లు, మందుల చీటీలు, పచారీ కొట్టు పొట్లాల కాగితాలు, పెళ్ళి శుభలేఖలు, అన్నీ దారంతో కట్టి ఉన్నాయి. ఆ రోజునుంచి కాగితమ్ముక్క పారెయ్యలేదండి, ఏది ఆయనకి కావలసిందో ఏమో అన్నారు. చేతిలో టీ చల్లారిపోయినా నేను తాగలేకపోయాను.

ఇంతకీ జరిగింది ఇదీ.

కొన్న అట్ట చెమ్మకి ఉబ్బిపోతుందని నాన్నకి నమ్మకం. పెద్ద రిజిస్టరు అంటే చాలు, అట్ట ఇంట్లోనే తయారుచేసేవాడు. చిత్తుకాగితాలు ఒకదానిమీద ఒకటి మైదా జిగురుతో అతికించి, బరువు కింద వారం రోజులు ఉంచితే చెక్కలా గట్టిపడేది. జిగురులో మైలుతుత్తం కలిపేవాడు, పురుగు రాకుండా. ఆ చిత్తుకాగితాలు మాకు స్కూళ్ళనుంచి వచ్చేవి. మాస్టార్లు ఊరినుంచి వస్తూ పాత పరీక్ష కాగితాలు ఒక కట్ట తెచ్చిపెడితే, నాన్న వాళ్ళకి ఒక మంచి నోటుపుస్తకం కుట్టి ఇచ్చేవాడు. అలా మా మాస్టారు కూడా ఆ రోజు సంచిలో నవల కట్టలు మూడు, చిత్తు కట్టలు నాలుగు తెచ్చారు. అన్నీ ఒకే రకం ఫుల్‌స్కేపు కాగితాలు, ఒకే దారం. నాన్న నమాజుకి వెళ్ళాడు. సంచి ఖాళీ చేసింది నేను. నాకు పద్దెనిమిదేళ్ళు, పనంతా వచ్చేసిందన్న పొగరు. మూడో కట్ట బోర్లా ఉంది. పైన పిల్లల కూడికలూ తీసివేతలూ కనబడ్డాయి. తిరగేసి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. చిత్తులో పడేశాను. ఆ వారమే కొల్లేటి ఒడ్డున ఒక చర్చివాళ్ళకి నాలుగు పెద్ద రిజిస్టర్లు కట్టాలి. కాగితం కాగితానికీ జిగురు రాసి నేనే అట్టలు చేశాను. నేనే పడవలో తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాను.

మాస్టారు పుస్తకాలకి వస్తారనగా ముందు రోజు, సంపుటాలు రెండే ఉన్నాయేమిటని చూసుకుంటే సంగతి తెలిసింది. నాన్నకి చెప్పాను. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. కత్తెరకి నూనె రాస్తూ కూర్చున్నాడు. చేతిలోకి వచ్చిన కాగితం పోగొట్టే బైండరు దగ్గరికి ఎవరు వస్తారు? ఆఫీసు రికార్డులు ఎవరిస్తారు? అదీ ఆయన భయం. మర్నాడు మాస్టారు మూడోది ఏదండీ అని అడిగితే, "రెండే ఇచ్చారండి మాస్టారూ" అన్నాడు. మాస్టారు, అయితే ఇంట్లోనే ఉండిపోయి ఉంటుందండి అంటూ వెళ్ళిపోయారు. అంత మంచి మనిషి. ఇంటికెళ్ళి ఏం వెతికారో, ఎవర్ని ఏమడిగారో మేం ఆలోచించలేదు. మాకు గండం గడిచింది, అంతే.

ఆ గండం అమ్మగారి నెత్తిన పడిందని ఇన్నాళ్ళకి తెలిసింది.

సంపుటాలు రెండూ తెచ్చి నాలుగు రోజుల్లో విప్పాను. చెప్పేస్తే నాన్న అబద్ధాలకోరు అవుతాడు. ఏలూరులో ఆయన మాటమీద ఎంతమంది నమ్మకం పెట్టుకున్నారో నాకు తెలుసు. చెప్పకపోతే అమ్మగారి పొయ్యి పుస్తకంలోకి ఎక్కుతుంది, శాశ్వతంగా ఉంటుంది. మాస్టారు రెండేళ్ళనుంచీ ఆ ముగింపు మళ్ళీ రాయాలని చూస్తున్నారట. ముప్పై ఆరేళ్ళప్పుడు రాసింది డెబ్బై నాలుగేళ్ళకి రావడం లేదని ఆయనే చెప్పారు. 'ఇక్కడితో రాతప్రతి ఆగిపోయింది' అని వేసి వదిలేస్తారట పబ్లిషర్లు. అప్పుడు నాకు ఒక దొంగ ఉపాయం తట్టింది. ఆ రిజిస్టర్లు దొరికితే అట్టలు విప్పి, పాత రిజిస్టర్లలో అనుకోకుండా కనబడ్డాయండీ అని తెచ్చి ఇచ్చేస్తే? నవల పూర్తవుతుంది, అమ్మగారి మీద మాట పోతుంది, నాన్న పేరు నిలబడుతుంది. నాకు నేనే భుజం తట్టుకున్నాను.

మండవల్లి వైపు బస్సెక్కాను. ఆ ఏడు కొల్లేటిలో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు పొక్లెయిన్లతో తెంపేస్తున్నారు. దారి పొడుగునా జనం గుంపులుగా నిలబడి చూస్తున్నారు. బస్సులో అందరి మొహాలూ నా మొహంలాగే ఉన్నాయి. అంతకు ముందు ఏడే వరద వచ్చి ఆ ఊళ్ళన్నీ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అట్ట అంటే ఏమిటి, కాగితమూ పిండీ. నీళ్ళలో పడితే గంజే.

చర్చి రికార్డులు చూసే ఆవిడ రిటైరైన టీచరు. వాళ్ళ ఇంటి గోడ మీద వరద నీళ్ళు నిలిచిన మరక నా ఛాతీ ఎత్తున ఉంది. రిజిస్టర్ల మాట ఎత్తగానే ఆవిడ కళ్ళు చిన్నవి చేసి చూసింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ బాప్తిస్మాలూ పెళ్ళిళ్ళూ అందులోనే ఉన్నాయి, ఎవరికి ఏ సర్టిఫికెట్టు కావాలన్నా అవే ఆధారం. వరదలో ముందు వాటినే అటక ఎక్కించారట. మూడు దక్కాయి. నాలుగోది వేరే ఇంట్లో ఉండి, నీళ్ళలో పోయింది. మూడు దక్కాయనగానే అరుగుమీద కూర్చుండిపోయాను. లోపలి కాగితం ఒక్కటి కూడా ముట్టుకోను, అట్టలు మాత్రం తీసి కొత్త అట్టలు వేసి ఇస్తానండి అన్నాను. ఎందుకని అడిగింది. నీళ్ళు నమిలాను. టీచర్ల ముందు నీళ్ళు నమిలితే ఊరుకోరు కదా. చివరికి మొత్తం చెప్పేశాను, నా ఉపాయంతో సహా.

ఆవిడ రిజిస్టర్లు తెచ్చి నా ముందు పెట్టింది. చేయి మాత్రం వాటిమీదనుంచి తియ్యలేదు.

"ఏవండీ, దొరికాయని చెబితే ఆ అమ్మగారి అదృష్టం బాగుందంటారు. నేను చేశానని చెబితే ఆవిడ తప్పు లేదంటారు. మీరేం చెబుతారో మీ ఇష్టమండి. నా రిజిస్టర్లు మాత్రం జాగ్రత్త."

వారంలో తెచ్చి ఇవ్వాలని కాగితం రాయించుకుని మరీ ఇచ్చింది.

కొట్లో పెద్ద తపేలాలో గోరువెచ్చని నీళ్ళు పోసి, తలుపు వేసుకుని మొదలుపెట్టాను. కత్తితో అట్ట అంచు కోసి నీళ్ళలో పెట్టాను. నా భయమల్లా సిరా గురించి. నీలం సిరా అయితే నీళ్ళు తగలగానే కరిగి చెరువైపోతుంది. బ్లూబ్లాక్ అయితే నిలుస్తుంది. మాస్టారు ఏది వాడేవారో నాకు గుర్తులేదు. విప్పిన సంపుటాలు పట్టి చూస్తే బ్లూబ్లాక్‌లాగే ఉంది గానీ, మధ్యలో సిరా మార్చి ఉంటే? మూడో కట్ట అరువు సిరాతో రాసి ఉంటే? అరగంట అయింది. పైపొర చేత్తో జారదీశాను. కింద పిల్లల లెక్కలు. ఇంకో పొర. లెక్కలే. మా అల్లాకి ఎన్ని మొక్కులు మొక్కానో. నాలుగో పొర వెనకవైపు తిప్పితే, వంకరగా, ఒత్తుగా, మాస్టారి అక్షరాలు. కొద్దిగా గోధుమరంగుకి తిరిగాయి గానీ ఒక్క అక్షరం చెదరలేదు. మైలుతుత్తం పురుగుని కూడా రానివ్వలేదు. ఎంత జాగ్రత్తగా తప్పు చేశానో చూడండి.

మూడు రిజిస్టర్లనుంచి ముప్పాతిక వంతు కాగితాలు వచ్చాయి, మిగతావి నాలుగోదానితో నీళ్ళలో పోయాయి. దండెం కట్టి బట్టల్లాగా ఆరేశాను. మూడో రిజిస్టరు వెనక అట్టలో చివరి కాగితం, కింద 'సమాప్తం' అని ఉంది. అది చూసి గట్టిగా ఏడ్చాను. సంతోషమో భయమో ఇప్పటికీ చెప్పలేను. రిజిస్టర్లకి నాకు తెలిసినంతలో మంచి అట్టలు వేసి, ముందు వాటిని టీచరుగారికి అప్పగించాను.

తాడేపల్లిగూడెం వెళ్ళేటప్పుడు రైల్లో రెండు రకాల మాటలూ సిద్ధం చేసుకున్నాను. గుమ్మంలో అడుగు పెట్టేదాకా ఏది చెబుతానో నాకే తెలియదు. మాస్టారి చేతిలో కట్ట పెట్టాను. ఆయన పై కాగితం కళ్ళద్దాలకి ఆనించి పట్టుకున్నారు. ఎక్కడివయ్యా ఇవి అన్నారు. అప్పుడు అమ్మగారు వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. ఆవిణ్ణి చూశాక, అనుకోకుండా దొరికాయన్న మాట నోటికి రాలేదు. నేను అతికించానని చెప్పాను. మా నాన్నకి తెలుసనీ, తెలిసీ రెండే ఇచ్చారని అన్నాడనీ కూడా చెప్పాను.

తిడతారని కాచుకుని ఉన్నాను. మాస్టారు తిట్టలేదు. అసలు విన్నారో లేదో. కాగితం తర్వాత కాగితం తిరగేస్తూ, ఇదుగో, ఇది చూడు, ఈ వాక్యం నేనే రాశానా అంటూ, పెదాలు కదుపుతూ చదువుకుంటున్నారు.

అమ్మగారు గోడకి చేరగిలబడ్డారు. "అయితే నేను కాల్చలేదన్నమాట" అన్నారు. ఎవరితోనూ కాదు. తర్వాత మాస్టారి వైపు తిరిగి, "ఏవండీ, నేను కాల్చలేదంటండి" అన్నారు.

"ఆఁ, లేదులే" అన్నారు మాస్టారు, తలెత్తకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేరం చేసినవాణ్ణి నేను, నాకు కోపం తెచ్చుకునే హక్కు లేదని తెలుసు. అయినా వచ్చింది. ముందుమాట సంగతేమిటండీ అని అడిగాను. ముందుమాట ఉన్న ఫారం ముందే అచ్చయిపోయిందయ్యా, మిగతా పుస్తకం కోసం ప్రెస్సువాళ్ళు ఆగారు గానీ అచ్చయింది వెనక్కి రాదు అన్నారాయన. అమ్మగారు కూడా పోనీలెండి బాబూ, ఇన్నాళ్ళు ఉంది, ఇంకా ఉంటే ఏమైంది అన్నారు.

"నేను పోనివ్వనండి" అన్నాను. గొంతు నేననుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "తప్పొప్పుల చీటీ రాసివ్వండి. ప్రతి కాపీలోనూ నేనే అతికిస్తాను. అతికించడం నాకు బాగా వచ్చు."

అప్పుడు మాస్టారు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని తలెత్తారు. నన్ను చూడలేదు. ఆవిణ్ణి చూశారు. తర్వాత పెన్ను అడిగి, అట్ట మీద కాగితం పెట్టుకుని మెల్లగా రాశారు. 'మా ఆవిడ పొయ్యిలో పెట్టింది' అన్నచోట 'బైండరు అట్టల్లో అతికించాడు' అని చదువుకోవాలి. నేను, బైండరు కాదండి, బైండరు కొడుకు అని వెయ్యండి అని బతిమాలాను. దిద్దారు. అయిపోయిందనుకుని చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు. కింద ఇంకో వరస రాశారు. 'ఇద్దరం నవ్వుకున్నాం' అన్నచోట 'నేను నవ్వాను' అని చదువుకోవాలి.

పుస్తకం ఆవిష్కరణ ఏలూరులోనే జరిగింది. అంతకు ముందు మూడు రోజులు కూర్చుని కాపీకాపీకీ ఆ చీటీ నా చేత్తో అతికించాను. సభలో పెద్దలు నవల గురించి చాలా చెప్పారు. నాకు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. చివరి వరసలో కూర్చుని, ఎవరైనా లేచి ఆ బైండరు కొడుకు ఎవరని అడుగుతారేమోనని చూస్తున్నాను. ఎవరూ అడగలేదు. మా నాన్న అబద్ధం మాట ఆ చీటీలో లేదు. మాస్టారే వెయ్యలేదు. అందుకే ఇక్కడ నేను రాసుకుంటున్నాను.

జనం వెళ్ళిపోయాక అమ్మగారు నన్ను పిలిచారు. ఒళ్ళో పుస్తకం తెరిచి ఉంది. నవల దగ్గర కాదు, చీటీ దగ్గర. దానిమీద వేలు పెట్టి, ఇక్కడేముందో చదవండి బాబూ అన్నారు. రెండు వరసలూ చదివాను. మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. మూడోసారి ఆవిడ వేలు జరుపుకుంటూ నాతోపాటు పైకి అన్నారు. తర్వాత పుస్తకం మూసి, ఈసారి వచ్చేటప్పుడు పెద్ద సంచి తెచ్చుకోండి, ఇంట్లో కాగితాలున్నాయి, మీ అట్టలకి పనికొస్తాయి అన్నారు.

రెండు సంచులు తెచ్చుకున్నాను. క్యాలెండర్లు, మందుల చీటీలు, పొట్లాల కాగితాలు, ముప్పై ఎనిమిదేళ్ళవి. ఒక్కొక్కటీ రెండు వైపులా తిరగేసి చూసి గానీ జిగురు రాయలేదు.